గ్రాఫ్ మీద గీసిన రెండు ఆకారాల్లో ఏది పెద్దది? పద్ధతికో జవాబు వస్తోంది

ప్రశ్న (గుంటూరు, బ్రాడీపేట నుంచి ఒక తండ్రి): పాలిసెట్‌కు చదువుతున్న మా అమ్మాయి గ్రాఫ్ మీద రెండు ఆకారాలు గీసింది. చతుర్భుజం శీర్షాలు (1, 1), (7, 2), (6, 6), (2, 5). త్రిభుజం శీర్షాలు (−3, −1), (5, −2), (1, 4). చుట్టూ పెట్టె గీసి మూలలు తీసేస్తే చతుర్భుజానికి 21, త్రిభుజానికి 22 వచ్చాయి. సూత్రంతో చేస్తే 20, 16 వచ్చాయి. ఏ పద్ధతిని నమ్మాలి?

జవాబు:

త్రిభుజమే పెద్దదండి. త్రిభుజం 22, చతుర్భుజం 20 చదరపు యూనిట్లు. రెండు పద్ధతులూ సరైనవే, మీ అమ్మాయి ఒక్కోదాంట్లో ఒక్కో చోట జారింది. రెండు రకాలుగా చేసి సరిచూసుకునే అలవాటు మాత్రం దయచేసి మాన్పించకండి. సూత్రంతో ఆపేసి ఉంటే చతుర్భుజమే పెద్దదని రాసి వచ్చేసేది.

ముందు 21 సంగతి. చతుర్భుజం చుట్టూ పెట్టె గీస్తే అడ్డం 1 నుంచి 7 వరకు, నిలువు 1 నుంచి 6 వరకు, అంటే 6 × 5 = 30. ఒక్కో భుజం బయట ఒక్కో లంబకోణ త్రిభుజం మిగులుతుంది. కింద 6, 1 కొలతలతో 3. కుడివైపు 1, 4 తో 2. పైన 4, 1 తో 2. ఎడమవైపు 1, 4 తో 2. మొత్తం 9. 30లోంచి 9 పోతే 21, మీ అమ్మాయి ఇక్కడే ఆగింది. ఇప్పుడు పెట్టె పైన ఎడమ మూలను దగ్గరగా చూడండి. (2, 5) శీర్షం పెట్టె అంచును ఎక్కడా తాకడం లేదు, లోపలే ఉంది. అందువల్ల (1, 5), (2, 5), (2, 6), (1, 6) మధ్య ఒక గడి అటు పై త్రిభుజంలోకీ రాదు, ఇటు ఎడమ త్రిభుజంలోకీ రాదు. అదీ బయటిదే. 30 − 10 = 20. ఏ శీర్షమైనా పెట్టె అంచుకు తగలకుండా లోపల ఉందంటే ఆ మూలలో త్రిభుజాలతో పాటు ఇలాంటి ముక్క ఒకటి ఉంటుంది. మూలల్ని పెన్సిల్‌తో నింపుకుంటూ లెక్కపెడితే తెల్లగా మిగిలిపోయి తనే కనబడుతుంది.

ఇక త్రిభుజానికి వచ్చిన 16. మీరు సూత్రం అన్నది షూలేసు పద్ధతే. అందులో శీర్షాల్ని ఒకదాని కింద ఒకటి రాసి, మొదటిదాన్ని చివర మళ్లీ రాయాలి:

−3, −1
5, −2
1, 4
−3, −1

ప్రతి వరుసలోని ఎక్స్‌ను కింది వరుస వైతో గుణించి, అందులోంచి కింది వరుస ఎక్స్, పై వరుస వైల లబ్ధాన్ని తీసేయాలి. మొదటి జత: (−3)(−2) − (5)(−1) = 6 + 5 = 11. రెండోది: 20 + 2 = 22. మూడోది: −1 + 12 = 11. మొత్తం 44, సగం 22. అమ్మాయి (−3)(−2)ను −6 అని వేసి ఉంటుంది. అప్పుడు మొదటి జత −1 అవుతుంది, మొత్తం 32, సగం 16. నోట్సు చూడకుండానే ఎలా చెప్పగలనంటే, ఒక లబ్ధానికి గుర్తు తిరగబడితే మొత్తం దానికి రెండింతలు మారుతుంది, సగం చేశాక తేడా సరిగ్గా ఆ లబ్ధమంత ఉంటుంది. 22కీ 16కీ తేడా 6. లెక్కలో 6 ఎక్కడుందో వెతికితే తప్పు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ.

షూలేసులో ఇంకో రెండు జాగ్రత్తలు. శీర్షాల్ని ఆకారం అంచు వెంట నడిచే వరుసలోనే రాయాలి. ఇదే చతుర్భుజాన్ని (1, 1), (6, 6), (7, 2), (2, 5) అని రాస్తే మొత్తం −2, వైశాల్యం 1 వస్తుంది! భుజాలు ఒకదాన్నొకటి కోసుకుని బొమ్మ డమరుకంలా తయారవుతుంది, ఒక వైపు వైశాల్యం రెండో వైపు దాన్ని తినేస్తుంది. చిన్న గీత గీసుకుంటే ఈ తప్పు జరగదు. రెండోది, రుణ గుర్తును మొత్తం అయ్యాకే వదిలేయాలి, జత జతకీ కాదు. చతుర్భుజానికి జతలు −5, 30, 18, −3, కూడితే 40. రుణ గుర్తుల్ని ముందే కొట్టేస్తే 56 అయి వైశాల్యం 28 అంటుంది. సవ్యదిశలో తిరిగితే మొత్తం రుణాత్మకంగా రావడం మామూలే, దానికి కంగారు అక్కర్లేదు. ఏది పెద్దదో మాత్రమే అడిగితే సగం చేసే పని కూడా లేదు, 44 కన్నా 40 చిన్నది, అంతే.

మూడో సరిచూపు కూడా ఉంది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. ఆస్ట్రియా గణితవేత్త జార్జ్ పిక్ 1899లో చెప్పిన సూత్రం: వైశాల్యం = లోపలి గడి బిందువులు (గ్రాఫ్ గీతలు కలుసుకునే చోట్లు) + అంచు మీది బిందువుల్లో సగం − 1. చతుర్భుజం లోపల 19 బిందువులు, అంచు మీద 4 శీర్షాలు: 19 + 2 − 1 = 20. త్రిభుజం లోపల 21, అంచు మీద 4: 21 + 2 − 1 = 22. త్రిభుజానికి శీర్షాలు మూడే కదా, నాలుగోది ఎక్కడిదంటారా? (5, −2) నుంచి (1, 4)కు వెళ్లే భుజం సరిగ్గా (3, 1) మీదుగా పోతుంది. దాన్ని లోపలి బిందువుగా లెక్కపెడితే 22.5 వస్తుంది. ఈ సూత్రంలో అర యూనిట్ తేడా కనిపిస్తే ముందు ఇలాంటి బిందువు కోసమే చూడండి. భుజం ఎక్స్‌లో ఎంత జరిగింది, వైలో ఎంత జరిగింది అన్న రెండు సంఖ్యల గ.సా.భా. తీస్తే ముందే తెలిసిపోతుంది: 4, 6ల గ.సా.భా. 2, కాబట్టి మధ్యలో ఒక బిందువు ఉంది. శీర్షాలన్నీ గడి బిందువుల మీదే ఉంటేనే పిక్ సూత్రం వాడాలి, (2.5, 3) లాంటిది ఒక్కటున్నా వద్దు.

రెండు ఆకారాలు వేర్వేరు గ్రాఫుల మీద ఉంటే లెక్క మొదలుపెట్టే ముందే స్కేలు చూడమనండి. మంగళగిరి వైపు స్థలాల స్కెచ్చుల్ని ఇలాగే పోల్చేవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. 1 సెంటీమీటరు 5 మీటర్లయితే 1 చదరపు సెంటీమీటరు 25 చదరపు మీటర్లు, 5 కాదు. పై రెండు ఆకారాలూ ఆ స్కేలులో స్థలాలే అనుకుంటే ఒకటి 500, ఇంకోటి 550 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 1.196 గజాల చొప్పున 598, 658 గజాలు. గ్రాఫ్ మీద రెండు గడుల తేడా నేల మీద 60 గజాలు, 48.4 గజాల సెంటు లెక్కన దాదాపు సెంటుంబావు.