వాహన సందేహాలు: కొట్టంలో నిలిచిపోయిన జీపు

ప్రశ్న (ఒక పాఠకుడు, తెనాలి దగ్గరి పల్లె): మా తాతగారు వాడిన మహీంద్రా సీజే-3బీ పెట్రోలు జీపు 17 ఏళ్లుగా మా పశువుల కొట్టంలో కదలకుండా ఉంది. ఇంజను బిగుసుకుపోయింది. ఆర్‌సీ ఇంకా కీర్తిశేషులైన తాతగారి పేరు మీదనే ఉంది. నేనూ మా తమ్ముడూ సెలవు రోజుల్లో ఇంటి దగ్గరే దాన్ని బాగుచేయాలనుకుంటున్నాము. ముందు ఇంజను విప్పాలా?

జవాబు: ఇంజనును చివరికి ఉంచండి. ఉత్సాహం కొద్దీ మొదటి వారంలోనే బండినంతా విప్పి, నట్లూ బోల్టులూ ఒకే డబ్బాలో పోసి, ఆరు నెలలు తిరిగేసరికి ఏది ఎక్కడిదో తెలియక పాత ఇనుము వాడికి తూకానికి ఇచ్చేసినవారు చాలామంది ఉన్నారు. ఒక భాగం విప్పితే అది పూర్తయ్యేదాకా రెండోదాని జోలికి పోకండి. విప్పేముందు ఫోనులో ఫొటో తీసుకోండి.

అన్నిటికంటే ముందు కాగితాలు చూసుకోవాలి. యజమాని మరణించిన తరువాత వారసుల పేరు మీదికి మార్చుకోవడానికి ఫారం 31 దాఖలు చేయాలి. దానికి మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం కావాలి. ఫ్రేము మీది చాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో సరిపోతున్నదో లేదో, తుప్పును వైరు బ్రష్షుతో మెల్లగా తొలగించి చూడండి. అక్కడ గ్రైండరు మాత్రం పెట్టవద్దు. అంకెలు అరిగిపోతే దొంగబండి కాదని నిరూపించుకోవలసిన భారం మీ మీద పడుతుంది.

తరువాత ఫ్రేము. చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుతూ పోండి. గట్టి ఇనుము గణగణమంటుంది, తుప్పు తిన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది. కమాను కట్టలు ఫ్రేముకు తగులుకొనే చోట్లనూ, బాడీ కింది అడ్డపట్టీలనూ, సీటు కింది పనిముట్ల పెట్టె అడుగునూ ప్రత్యేకంగా చూడండి, ఎందుకంటే నీరు నిలిచేది అక్కడే. నేల రేకు చిల్లులు పడితే టింకరింగ్ మేస్త్రీ కొత్త రేకు అతికించగలడు, కాని కమాను తగులుకొనే చోట ఫ్రేము చీలితే అది మీరిద్దరూ ఇంటి దగ్గర చేసుకొనే వెల్డింగు పని కాదు.

ఇక జాకీ పెట్టే ముందు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ జీపులో హ్యాండ్ బ్రేకు చక్రాలను పట్టదు. ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనుక ఇరుసులకు పంచే పెట్టె) దగ్గర, వెనుక ఇరుసుకు పోయే ప్రొపెల్లర్ షాఫ్టును పట్టుకుంటుంది. వెనుక చక్రం ఒకటి జాకీ మీద పైకి లేచిందంటే, అది గాలిలో వెనక్కి తిరుగుతుంటే నేల మీది చక్రం ముందుకు దొర్లగలదు, హ్యాండ్ బ్రేకు బిగించే ఉన్నా సరే. కాబట్టి ముందు చక్రాలకు అటూ ఇటూ దిమ్మలు పెట్టి, ఫ్రేము కింద స్టాండ్లు నిలిపిన తరువాతనే కిందికి దూరండి. చాలా పాత జీపుల్లో ఎడమవైపు చక్రాల నట్లకు ఎదురుమర (మామూలుకు వ్యతిరేక దిశలో తిప్పితే వదులయ్యే మర) ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. తెలియక మామూలు దిశలో బలంగా తిప్పి స్టడ్డు విరగ్గొట్టుకోవడం కొత్తవారికి తప్పని అనుభవం. స్పానర్లు కూడా అంగుళాల కొలతవి కొనండి. ఈ బండి పుట్టుక అమెరికాది కనుక మిల్లీమీటరు స్పానరు వదులుగా పట్టి నట్టు మూలలను నున్నగా చేసేస్తుంది.

బండి కదిలేముందు ఆగడం నేర్వాలి. నాలుగు చక్రాల బ్రేకులకూ కలిపి ఒకే మాస్టర్ సిలిండరు, ఒకే ఆయిలు మార్గం ఉంటాయి, ఏ ఒక్క చోట కారినా పెడలు నేలకు అంటుతుంది. ఇన్నేళ్లలో రబ్బరు కప్పులు గట్టిపడి ఉంటాయి, బ్రేకు ఆయిలు తేమ పీల్చి పైపులను లోపలినుంచి తుప్పు పట్టించి ఉంటుంది. అందువల్ల కప్పులు, రబ్బరు గొట్టాలు, ఇనుప పైపులు అన్నీ కొత్తవి వేయండి. పాత బ్రేకు షూల దుమ్ములో ఆస్బెస్టాస్ ఉండవచ్చు. దాన్ని గాలితో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

ఇప్పుడు ఇంజను సంగతి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండరులో ఇంజను ఆయిలూ డీజిలూ కలిపి నాలుగైదు చెంచాలు పోసి వారం రోజులు వదిలేయండి. ఆపైన, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ముందున్న హ్యాండిల్‌తో కొద్దికొద్దిగా అటూ ఇటూ కదపండి. బలం చూపించవద్దు, రాకపోతే మళ్లీ పోసి మరో వారం ఆగండి. తరువాత ఎప్పుడు హ్యాండిల్ కొట్టి స్టార్టు చేసినా బొటనవేలిని మిగతా వేళ్ల వైపే ఉంచి కింది నుంచి పైకి లాగాలి, లేదంటే ఇంజను వెనక్కి తన్నినప్పుడు బొటనవేలు విరుగుతుంది. ఈ ఇంజనులో పెట్రోలు, గాలి పీల్చే వాల్వులు హెడ్డులోనూ, పొగ వదిలేవి బ్లాకులోనూ ఉంటాయి. (1953లో అమెరికాలోని విల్లీస్ సంస్థ ఈ ఎత్తైన ఇంజనును జీపులో పెట్టవలసి రావడం వల్లనే సీజే-3బీ బానెట్టు అంత పైకి లేచింది.) ఇంజను తిరిగినా ఒక సిలిండరులో కంప్రెషను (లోపలి గాలిని నొక్కే ఒత్తిడి) లేకపోతే, బ్లాకులోని వాల్వు పైకి లేచి అక్కడే పట్టేసిందేమో పక్క మూత విప్పి చూడాలి. పోసిన డీజిలు కిందికి దిగి ఉంటుంది కనుక, స్టార్టు చేసేముందు ఇంజను ఆయిలు మార్చడం మరవకండి. పాయింట్ల (ప్లగ్గులకు నిప్పురవ్వ అందేలా కరెంటును తెంపి కలిపే స్విచ్చు) మధ్య ఎడం 0.5 మిల్లీమీటర్లు, ప్లగ్గుకు 0.75, ఫైరింగు వరుస, అంటే సిలిండర్లు ఒకదాని తరువాత ఒకటి మండే క్రమం, 1-3-4-2.

ట్యాంకులోని పాత పెట్రోలు బంకలా మారి ఉంటుంది, దాన్ని తీసి పారబోయించండి. ఖాళీ ట్యాంకు కదా అని చిల్లుకు ఇంటి దగ్గర వెల్డింగు పెట్టించారా, మిగిలిన ఆవిరితో అది పేలిపోతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది కాబట్టి, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్‌ (పెట్రోలును తోసే పలుచని పొర), గొట్టాలు, కార్బురేటరు వాషర్లు దానికి తట్టుకొనే రకంవి అడిగి వేయించండి.

ప్రశ్న (మరో పాఠకుడు, హనుమకొండ): మా పాత పెట్రోలు జీపుకు డీజిలు ఇంజను వేయిస్తే ఖర్చు కలిసివస్తుందని మెకానిక్కు అంటున్నాడు. నిజమేనా?

జవాబు: నేనైతే వేయించను. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటనే స్పష్టం చేసింది. ఆర్‌సీలో పెట్రోలు అని ఉండి బానెట్టు కింద డీజిలు ఉంటే, ప్రమాదం జరిగిన రోజున బీమా సంస్థకు మీరే సాకు అందించినట్లవుతుంది. బరువైన ఇంజను ముందు కమాను కట్టలను కుంగదీస్తుంది, దాని అదురు పాత గేరుపెట్టెను తినేస్తుంది. లెక్క కూడా చూడండి. ఏడాదికి 800 కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకు 8 కిలోమీటర్లే ఇచ్చినా తాగేది 100 లీటర్లు. ఆ మాత్రం పొదుపు కోసం ఇంజను మార్పిడి ఖర్చు పెట్టుకోవడం నాకు అర్థం కాదు.

ప్రశ్న (ఒక పాఠకురాలు, విశాఖపట్నం): మా జీపు 1972 నాటిది. దానికి వింటేజి రిజిస్ట్రేషను తీసుకోవచ్చా? తీసుకుంటే సైనిక ఆకుపచ్చ రంగు వేయించుకోవచ్చా?

జవాబు: 2021 జూలైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషను నాటినుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను గణనీయంగా మారకుండా ఉన్న బండికి అది దొరుకుతుంది. కొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు. నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి, ఇదివరకే రిజిస్టరైన బండి తన పాత నంబరును ఉంచుకోవచ్చు. అయితే అలాంటి బండిని ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలు పోయించడానికీ, మరమ్మతులకూ మాత్రమే రోడ్డు మీదికి తేవాలి. అరకు ఘాటులో ఆదివారం షికారుకు పోవాలని మీ కోరిక అయితే, మామూలు రిజిస్ట్రేషనునే 5 ఏళ్లకోసారి పునరుద్ధరించుకోవడం మేలు.

రంగు విషయంలో జవాబు, కూడదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది, రక్షణ శాఖ బండ్లకు తప్ప మరెవరికీ ఆలివ్ గ్రీన్ వేయరాదని చెబుతుంది. డ్యాష్‌బోర్డు లోపలివైపు ఎండ తగలని చోట 600 నంబరు నీటి కాగితంతో (తడిపి రుద్దే గరుకు కాగితం) మెల్లగా రుద్దండి. పైపూతలు ఒక్కొక్కటీ పోయి, ప్రైమరుకు ఆనుకొని ఉన్న పొరలో ఆ జీపు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగుతో వచ్చిందో కనబడుతుంది, పెయింటు దుకాణంలో ఆ ముక్కను చూపించి అదే కలిపించుకోండి.