బరువు సరిగ్గానే ఉంది, పొట్ట మాత్రం ఉంది. షుగర్ వస్తుందా?

వచ్చే అవకాశం ఎక్కువే, ఎందుకంటే ఒంట్లో కొవ్వు ఎంత ఉందన్న దానికన్నా ఎక్కడ చేరిందన్నదే ఇక్కడ ముఖ్యం. తొడల దగ్గర, చర్మం కింద ఉండే కొవ్వు అంత చేటు చేయదు. పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకున్నది మాత్రం కొవ్వు ఆమ్లాలను వదులుతూనే ఉంటుంది. అవి నేరుగా కాలేయానికి చేరతాయి. క్రమంగా కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు సరిగ్గా స్పందించవు. ఇదే ఇన్సులిన్ రెసిస్టెన్స్. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసి కొన్నేళ్లు నెట్టుకొస్తుంది, అందుకే మొదట్లో పరగడుపు షుగర్ మామూలుగానే కనిపించవచ్చు. దానికి చేతకానప్పుడు షుగర్ పెరుగుతుంది.

అనంతపురంలో పొద్దస్తమానం గల్లాపెట్టె దగ్గరే కూర్చునే ఒక వ్యాపారిని అనుకోండి. ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 65 కిలోలు. లెక్కకు బరువు సరిపోయింది. కానీ నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే. మనవాళ్లలో మగవారికి 90, ఆడవారికి 80 దాటకూడదు.

అన్నం మానేసి రాగి సంగటి తింటే చాలని చాలామంది నమ్ముతారు. సంగటి మంచిదే, కానీ అదీ పిండిపదార్థమే. ముద్దలు తగ్గకుండా, నడక లేకుండా పొట్ట తగ్గదు. అధిక బరువున్నవారు తమ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం తగ్గినా ఇన్సులిన్ పనితీరు మెరుగవుతుంది.