సినిమాల పెట్టెకు తొంభై వేలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. హాల్లో టీవీకి ఒక కంప్యూటర్ కలుపుదామనుకుంటున్నాను. ఓటీటీలు చూడటంతో పాటు, నాన్నగారు దాచిన పాత పెళ్లి వీడియోలు, పాటలు నాలుగు టీబీ దాకా ఒక హార్డ్ డిస్క్‌లో ఉన్నాయి. అమ్మ హాల్లోనే పడుకుంటుంది, అందుకని చప్పుడు ఉండకూడదు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో అడిగితే 90,000కి కొటేషన్ ఇచ్చారు, గ్రాఫిక్స్ కార్డుకే 26,000. ఖరీదైన కూలర్లు, ఆరు రంగురంగుల ఫ్యాన్లు, 750 వాట్ల పవర్ సప్లై కూడా అందులో ఉన్నాయి. నెలకు 7,500 చొప్పున 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందన్నారు. ఇంటి ఖర్చు నెలకు 55,000. బ్యాంకులో 2,10,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 36,000 ఉంది, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. తీసుకోవచ్చా?

జవాబు: కంప్యూటర్ తీసుకోండి. ఆ కంప్యూటర్ మాత్రం వద్దు, ఆ ఈఎంఐ అసలే వద్దు.

ముందు కార్డు సంగతి. బాకీ మీద చాలా కార్డులు నెలకు మూడున్నర శాతం దాకా వేస్తాయి. 36,000కి అది 1,260, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే దాదాపు 1,490. కనీస మొత్తం కడుతున్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా పోతుంది, కూరగాయల బిల్లుకు కూడా కొన్న రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. బ్యాంకులో మూలుగుతున్న డబ్బు మీకు ఇంత సంపాదించిపెట్టదు. ఈ వారమే 36,000 తీర్చేయండి. ఇంకా 1,74,000 మిగులుతుంది, మూడు నెలల ఇంటి ఖర్చుకు సరిపడా. దాని జోలికి వెళ్లకండి.

నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ లేకుండా పోదు. అంత మేరకు ధరలో ముందే తగ్గించి, ఆ తగ్గించిన ధర మీద వడ్డీ వేస్తారు. ఏడాదికి 16 శాతం అనుకుంటే మీ 90,000లో దాదాపు 7,300 వడ్డీయే. ఆ వడ్డీ మీద జీఎస్టీ 1,300 పైచిలుకు మీ జేబులోంచే పోతుంది, ప్రాసెసింగ్ ఫీజు అదనం. పైగా నగదుకు అడిగితే వచ్చే తగ్గింపు పోతుంది. అది ఎంతో కౌంటర్ దగ్గర నోరు తెరిచి అడగండి, సీటీసీలో అడగనివాళ్లకు ఎవరూ తగ్గించరు.

ఇక అసలు విషయానికి వద్దాం. కంప్యూటర్‌లో చప్పుడు పుట్టేది వేడి వల్ల. వేడి పుట్టేది కరెంటు వల్ల. కరెంటు ఎక్కువ తాగే భాగాలు కొని, ఆ వేడిని చప్పుడు లేకుండా బయటికి పంపడానికి మళ్లీ ఖరీదైన కూలర్లు, ఫ్యాన్లు కొనడం మీ కొటేషన్ కథ. సినిమా చూడటానికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, ఇప్పటి ప్రాసెసర్లలో ఉన్న గ్రాఫిక్స్ 4కే వీడియోను సునాయాసంగా ఆడిస్తుంది. చూడాల్సింది ఒక్కటే: ఏవీ1 అనే వీడియో ఫార్మాట్‌ను హార్డ్‌వేర్‌లోనే విప్పగలదా లేదా. యూట్యూబ్ దాన్ని బాగా వాడుతోంది. ఇంటెల్ 12వ తరం ఐ3 12100 విప్పగలదు. షాపుల్లో చవగ్గా కనిపించే ఏఎండీ ప్రాసెసర్ రైజన్ 5 5600జీ విప్పలేదు. ఆ పని మొత్తం ప్రాసెసర్ కోర్ల మీద పడి ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దాంట్లో గ్రాఫిక్స్ ఉండదు. వెయ్యో రెండు వేలో తక్కువని అది తీసుకుంటే టీవీలో బొమ్మ రాదు.

వీడియోలు, ఓటీటీ తప్ప వేరే పని లేదంటే ఇంకా చిన్నది ఉంది: 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100. ఆరు వాట్ల చిప్, బోర్డుకే అతికించి వస్తుంది, ఫ్యాన్ లేని బోర్డులు కూడా దొరుకుతాయి. ఏవీ1 కూడా ఆడుతుంది. మీకు నేను చెప్పేది ఇదే.

మన ఊరి ఎండల మాట మరవకండి. ఫ్యాన్ లేని పెట్టెను టీవీ కింద అద్దాల షెల్ఫ్‌లో బిగిస్తే మే నెలలో ఉడికిపోతుంది. గాలాడే చోట పెట్టండి, లేదా 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పెట్టి మెల్లగా తిప్పండి. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే చప్పుడు దాదాపు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. కొటేషన్‌లోని ఆరు రంగురంగుల ఫ్యాన్లు ఎవరి కోసమో నాకు అర్థం కాలేదు. 750 వాట్ల పవర్ సప్లై కూడా అంతే: మీరు వాడేది యాభై వాట్లు, అంత తక్కువ లోడ్‌లో దాని సామర్థ్యం పడిపోతుంది. చప్పుడు పరీక్ష షాపులో చేయలేరు. వేసవిలో ఇంట్లోనూ సీలింగ్ ఫ్యాన్ కింద వినపడదు. డిసెంబరు రాత్రి ఫ్యాన్ ఆపాకే అమ్మగారికి తెలిసేది.

రోజంతా ఆన్‌లో ఉంచితే పెద్ద మిషన్, చిన్న మిషన్ మధ్య 50 వాట్లు తేడా అనుకోండి. నెలకు 36 యూనిట్లు. తెలంగాణలో 301 నుంచి 400 యూనిట్ల స్లాబులో యూనిట్ 9 రూపాయలు కాబట్టి నెలకు 324 అదనం.

మొత్తానికి 45,000 దాటకుండా గీత గీయండి. 8 జీబీ ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ చాలు; 2025 చివరి నుంచి రెంటి ధరలూ పైకే పోతున్నాయి, కాబట్టి రేపు తగ్గుతాయని లెక్క వేసుకోకండి, అక్కర్లేనంత కొనకండి. 2025 సెప్టెంబరులో పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది కదా అని ఎవరైనా కంప్యూటర్ తగ్గిందంటే నమ్మకండి, దీనికి ముందు నుంచీ 18 శాతమే. ఈఎంఐగా కట్టాలనుకున్న 7,500ను ఆరు నెలల రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. సరిగ్గా 45,000 అవుతుంది. కొనేటప్పుడు ప్రతి భాగం సీరియల్ నంబరుతో జీఎస్టీ బిల్లు తీసుకోండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే వారంటీ దగ్గర తిప్పలు పడేది మీరే.

ఓటీటీ మాత్రమే అయితే ఏ కంప్యూటరూ అవసరం లేదు, కొన్ని వేల స్ట్రీమింగ్ స్టిక్ చాలు, దానికి చప్పుడే ఉండదు. మీకు కంప్యూటర్ అవసరమైంది నాన్నగారి నాలుగు టీబీ కోసం. అది ఒకే హార్డ్ డిస్క్‌లో ఉంది. తిరిగే డిస్క్ ఏదో ఒకరోజు ఆగుతుంది, రాత్రి గరగరలాడేదీ అదే. దాన్ని హాల్లోంచి తీసి లోపలి గదిలో రౌటర్ పక్కన పెట్టి నెట్‌వర్క్‌లో కలపండి. ఏడో, ఎనిమిదో నెలల 7,500 కూడా ఆపకుండా దాచి, ఆ డబ్బుతో రెండో డిస్క్ కొని పూర్తి కాపీ తీసి, దాన్ని అన్నయ్యగారింట్లోనో అత్తగారింట్లోనో ఉంచండి.