షెడ్డు దగ్గర: ముందు బండి కింద పడుకుని చూడండి

ప్రశ్న: నేను టెక్కలిలో బడి పంతుల్ని. పలాసలో 1999 మోడల్ మారుతి జిప్సీ జీపు ఒకటి బేరానికి ఉంది. ముదురాకుపచ్చ రంగు కొత్తగా వేశారు. మూడు లక్షల ఇరవై వేలు చెబుతున్నారు. కొని, నాలుగంగుళాలు లేపించి, 31 అంగుళాల టైర్లు వేయించి మందస కొండల దారుల్లో తిరగాలని కోరిక. ముందు ఏ పని చేయించాలి?
- ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: మాస్టారూ, టైర్ల సంగతి తర్వాత చూద్దాం. ఈ ఆదివారం ఒక గోనెసంచి, టార్చిలైటు, స్క్రూడ్రైవరు, చిన్న అయస్కాంతం పట్టుకుని పలాస వెళ్లి ఆ బండి కింద పడుకోండి. కొత్త రంగు అంటేనే నాకు భయం. పదమూడో ఏట సాలూరు లారీ షెడ్లలో పానా పట్టినవాణ్ణి, అయినా పన్నెండేళ్ల కిందట నిగనిగలాడే జిప్సీని చూసి మోసపోయాను. అమ్మినవాడి పేరు ఇక్కడెందుకులెండి. నెల తిరక్కుండా సుంకి ఘాట్ ఎక్కుతుంటే వెనక కమాన్ కట్టని, అంటే స్ప్రింగు పట్టీలని, ఛాసిస్‌కి (బండి అడుగు చట్రానికి) తగిలించే షాకిల్ పట్టు ఊడొచ్చింది. బండి ఓ పక్కకి ఒరిగి కూర్చుంది. మా ఆవిడ ఒళ్లో పులిహోర డబ్బా అలాగే ఉంది, నాతో మాత్రం సాయంత్రం దాకా మాట లేదు. షెడ్డుకి తెచ్చి విప్పితే ఛాసిస్ లోపల పిడికెడు ఇసుక. సముద్రం ఒడ్డున తిరిగిన బండి అది. పైన లప్పం, లప్పం మీద రంగు.

జిప్సీ ఛాసిస్ లోపల గుల్లగా ఉంటుంది. బురద, ఉప్పు ఇసుక చేరితే తుప్పు లోపల్నుంచి తింటుంది. మనకి కనబడేసరికి రేకు అప్పడమైపోతుంది. వెనక షాకిల్ పట్టుల దగ్గర, బాడీ బోల్టులు కూర్చునే చోట, డ్రైవరు కాళ్ల కింద స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. దిగబడిందా, లేచి చొక్కా దులుపుకుని వచ్చేయండి. లక్ష తగ్గించినా వద్దు. బాడీ మీద అయస్కాంతం పట్టని చోట లప్పం ఉందనుకోండి.

అడుగు గట్టిగా ఉంటే మిగతావన్నీ బాగుపడే జబ్బులే. ముందు చక్రాల వెనక గుండులా ఉండే భాగం మీద గ్రీజు కారుతుంటే సీలు పోయినట్టు. యాభై మీద వెళ్తూ గతుకు తగిలితే స్టీరింగు గడగడా ఊగుతోందా? అలైన్‌మెంటే అని సర్దిచెబుతారు, నమ్మకండి. చాలాసార్లు అది ముందు చక్రాలు మలగడానికి ఊతమిచ్చే కింగ్ పిన్ బేరింగుల పని. అవి వేయించుకోవచ్చు, బేరంలో మాత్రం గట్టిగా వాడుకోండి. కార్బురేటరు లేకుండా పెట్రోలు చిమ్ముకునే 16 వాల్వుల ఎంపీఎఫ్ఐ ఇంజను 2000లో వచ్చింది. మీరు చూసినది అంతకు ముందుది, కార్బురేటరుది. దాన్ని చిన్నచూపు చూడొద్దు. కొండ మీద మొరాయిస్తే జెట్టులో చెత్త మీరే ఊదుకోవచ్చు.

కాగితాలు కూడా చూడండి. పదిహేనేళ్లు నిండాక ప్రతి అయిదేళ్లకీ ఆర్సీ రెన్యువల్ ఉంటుంది. అంటే ఈ బండికి 2014, 2019, 2024. మూడూ ఉన్నాయా? ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది, ఆర్సీతో సరిపోల్చుకోండి. పలాస పక్కనే ఒడిశా కాబట్టి, అక్కడి నంబరైతే ఎన్ఓసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే, అభ్యంతరం లేదన్న పత్రం) చేతిలో పడేదాకా అడ్వాన్సు కూడా ఇవ్వొద్దు.

ఇక టైర్లు. మాస్టారు కదా, లెక్క వేయండి. జిప్సీ కింగ్‌కి కంపెనీ ఇచ్చే 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. 31 అంగుళాలంటే 787. దాదాపు 18 శాతం పెద్దది. మీటరు 60 చూపిస్తుంటే మీరు 70 మీద పోతుంటారు. 1.3 లీటర్ల ఇంజనుకి ప్రతి గేరూ బరువైపోతుంది, బ్రేకు మందగిస్తుంది. ఆపైన నాలుగంగుళాలు లేపితే ఇంజను బలాన్ని చక్రాలకి చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు వాలు చెడుతుంది, ఏటవాలులో బండి పక్కకి దొర్లే భయం పెరుగుతుంది. కంపెనీ లెక్కకి విరుద్ధంగా బండి మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. నా షెడ్డుకి తెస్తే కూర్చుండిపోయిన కమాన్ పట్టీలు మార్చి, మంచి షాకబ్జార్బర్లు వేసి, వెనకా ముందూ గట్టి హుక్కులు బిగిస్తాను. టైరు మీద మరీ మోజైతే 215/75 ఆర్15 దగ్గర ఆగండి, అదీ ఆర్టీవో ఆఫీసులో అడిగాకే. మందస దారులకి ఇది చాలు. అడవిలోకైతే ముందు అటవీ శాఖ వాళ్లని అడిగి వెళ్లండి.

మీరు ఉత్తరంలో రాయలేదు గానీ, బారువ తీరంలో ఇసుక మీద నడపాలని కుర్రాళ్లు ఉబలాటపడుతుంటారు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది అక్కడే. దయచేసి చక్రం పెట్టకండి.

ప్రశ్న: మా మహీంద్రా కమాండర్ జీపు టూ వీల్ డ్రైవ్. దానికి ఫోర్ వీల్ డ్రైవ్ వేయించుకోవచ్చా?
- బొబ్బిలి నుంచి ఒకరు

జవాబు: ముందు చక్రాల హౌసింగు, వాటికి బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టు, ఆపైన ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరుగుడు. ఆ డబ్బుకి, ఆ టెన్షన్‌కి కమాండర్ అమ్మేసి ఫోర్ వీలున్న మహీంద్రా ఎంఎం 540 జీపు వెతుక్కోండి తమ్ముడూ. ప్యూజో డీజిలు ఇంజను, పరుగు లేదు గానీ కొండకి తగ్గ లాగుడు ఉంది.

ప్రశ్న: తారు రోడ్డు మీద జీపుని ఫోర్ వీల్ వేసి నడిపితే దాని లివరు బిగుసుకుపోయింది. గేర్‌బాక్సు పోయిందా?
- పాలకొండ నుంచి ఒకరు

జవాబు: పోలేదు. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం తిరుగుతాయి. పాత జీపుల్లో ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ మధ్యలో ఉండదు. మట్టి మీదైతే చక్రం కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారలేక షాఫ్టులు మెలిపడి బిగుసుకుంటాయి. స్టీరింగు తిన్నగా పట్టి రివర్సులో పది గజాలు పోనిచ్చి లివరు లాగండి, వచ్చేస్తుంది.