ఆ సత్రం గది దగ్గర కాసేపు ఆగు

అమ్మాయీ,

జేమ్స్ విల్సన్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. బాగా కష్టపడ్డావు. 1742లో స్కాట్లాండ్‌లో పుట్టడం, ఫిలడెల్ఫియాలో లాయరుగా పేరు తెచ్చుకోవడం, అమెరికా స్వాతంత్ర్య ప్రకటన మీదా రాజ్యాంగం మీదా సంతకం చేసిన ఆరుగురిలో ఒకడు కావడం, 1789లో వాషింగ్టన్ ఆయన్ని సుప్రీంకోర్టు తొలి జడ్జీల్లో ఒకరిగా నియమించడం, అన్నీ సరిగ్గా ఉన్నాయి. కానీ చివర్లో 'ఆర్థిక ఇబ్బందులతో 1798లో కన్నుమూశారు' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడ నాకు మనసొప్పలేదు.

ఆ ముక్క విప్పి రాయి. ధర పెరుగుతుందన్న ఆశతో అప్పు తెచ్చి పడమటి భూములు కొన్నాడు. 1796-97లో బేరాలు కుప్పకూలాయి. బాకీ తీర్చకపోతే జైలే, ఆ రోజుల్లో. జడ్జిగా ఉండగానే న్యూజెర్సీలోని బర్లింగ్టన్‌లో జైలుపాలయ్యాడు. తర్వాత నార్త్ కరోలినాలోని ఈడెన్‌టన్ చేరితే, 1,97,000 డాలర్ల బాకీ కింద పియర్స్ బట్లర్ మళ్లీ పట్టించాడు. ఈ బట్లర్ ఎవరో నువ్వు చెప్పలేదు. 1787లో అదే రాజ్యాంగం మీద విల్సన్‌తో పాటు సంతకం చేసినవాడు!

ఇక ఈడెన్‌టన్‌లో ఆయన పోయిన ఆ గది. కోర్టు పక్కనే ఉన్న సత్రం, ఆగస్టు ఉక్క, మలేరియా, ఆపైన పక్షవాతం. మంచం పక్కన భార్య హన్నా. యాభై దాటాక ఆయన చేసుకున్న రెండో పెళ్లి అది. ఆమెకి అప్పటికి పాతికేళ్లు కూడా లేవు. ఆగస్టు 21న ఆయన పోయాడు. సాటి జడ్జి జేమ్స్ ఐర్డెల్‌ది ఆ ఊరే. ఒక రాష్ట్రం మీద వేరే రాష్ట్రపు పౌరుడు ఫెడరల్ కోర్టులో దావా వేయవచ్చా అన్న 1793 నాటి చిషోమ్ కేసులో మిగతా జడ్జీలందరితో విభేదించిన ఒకే ఒక్కడు ఆయన. విల్సన్‌కి సమాధి దొరికింది ఆ ఐర్డెల్ భార్య అన్నగారి తోటలో. నాకైతే ఇక్కడ గొంతు పట్టేసింది.

ఇంకోటి కూడా వదిలేశావు. ఏ రాష్ట్రానికి ఎందరు ప్రతినిధులో తేల్చే జనాభా లెక్కలో బానిసల్ని అయిదింట మూడు వంతులుగా లెక్కించాలని 1787 రాజ్యాంగ సభలో ప్రతిపాదించింది విల్సనే. సర్వాధికారం ప్రజలదేనని వాదించిన మనిషే ఆ పనీ చేశాడు. ఇష్టమైన మనిషి గురించి ఇలాంటిది రాయాలంటే టెన్షన్‌గానే ఉంటుంది. మా తాతగారి గురించి రాసినప్పుడు నేను ఆయన అప్పుల సంగతి దాచాను. ఇప్పటికీ ఆ పేజీలు తెరవలేను.

1906లో ఎముకల్ని ఫిలడెల్ఫియాకి తరలించిన సంగతి ఒక్క వాక్యంలో చాలు. హన్నా కూర్చున్న ఆ గదితోనే మొదలుపెట్టి, మళ్లీ రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.