అక్షరాలు వాడికి వస్తాయి, తోడికోడలితో పోటీ మీరు మానండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. బాబుకి మూడేళ్ళ తొమ్మిది నెలలు, నర్సరీ. ఏబీసీడీలు పాటలా అప్పజెబుతాడు, చిన్న బి చూపిస్తే డి అంటాడు. ఇరవై దాకా లెక్కపెడతాడు, ఐదు బిస్కెట్లు ఇమ్మంటే గుప్పెడు ఇచ్చేస్తాడు. బస్టాపులో మాత్రం 500డి దూరంగా ఉండగానే ‘మన బస్సు’ అంటాడు. మా తోడికోడలి కూతురు వీడికన్నా నెల చిన్నది, అన్నీ రాసేస్తుంది. ఆదివారం వీడియో కాల్‌లో అత్తయ్య ఆ పాప నోట్‌బుక్ చూపించి వీణ్ణి అడుగుతారు. పోయినవారం వీడు ఫోను చూడగానే మంచం కింద దూరాడు. కోపం పట్టలేక కొట్టాను. ఫోనిక్స్ (అక్షరాల శబ్దాలు నేర్పే) క్లాసులో చేర్చాలా, స్కూలు మార్చాలా?

జవాబు: రెండూ అక్కర్లేదు. గ్లాసును ఎటు తిప్పినా గ్లాసే అని ఇన్నాళ్ళూ నేర్చుకున్నాడు. అక్షరాన్ని తిప్పితే మాత్రం పేరే మారిపోతుంది. అది కంటికి అలవాటవ్వాలి. బి, డి తారుమారు ఏడేళ్ళ దాకా కనిపిస్తుంది. ఇరవై దాకా చెప్పడం వాడికి పాటే. చివర పలికిన అంకే మొత్తం అని తెలియడం ఆ పై మెట్టు, చాలామందికి నాలుగేళ్ళకి అటూ ఇటూగా అందుతుంది. 500డిని పోల్చుకునే కన్నుకి లోటేమీ లేదు.

మీరు రాసిన రెండు పేజీల్లో ఒకటిన్నర తోడికోడలి గురించే, ఇక్కడ కుదించాం. ఆమె ఉద్యోగం, ఆమె నగలు, పెళ్ళినాటి మాటలు. ఆ లెక్క తేల్చుకోవడానికి పసివాణ్ణి ముందుకు తోస్తున్నారు. ఇది తప్పమ్మా. అత్తగారు ఒక మాటంటే మీరు పడొచ్చు, పెద్దావిడ. వాడెందుకు పడాలి? తోడికోడలికి మీరే ఫోన్ చేసి, ‘అక్కా, మన పిల్లల్ని పక్కపక్కన నిలబెట్టడం మానేద్దాం’ అనండి. అత్తగారికి మీ ఆయన చెప్పాలి. కొట్టినందుకు బాబుతో ‘తప్పు నాదే’ అనండి, మళ్ళీ చెయ్యెత్తకండి.

ఇంట్లో రోజుకు పది నిమిషాలు చాలు. ముందు పెద్ద అక్షరాలు, ఎందుకంటే వాటిలో బి, డి అద్దంలో బొమ్మల్లా ఉండవు. వాడి పేరులో మొదటి అక్షరంతో మొదలుపెట్టి వారానికి రెండు నేర్పండి. చిన్న బి, డి ఒకే వారం వద్దు. ఒకటి కుదురుకున్నాకే రెండోది. పళ్ళెంలో బొంబాయి రవ్వ పలచగా పరిచి వేలితో దిద్దించండి, దిద్దుతుంటే ‘బ్... బంతి’ అని శబ్దం కూడా వినిపించండి. పెన్సిల్‌కి తొందర లేదు, ఆ వేళ్ళకి ఇంకా పట్టు రాలేదు. చపాతీ పిండి పిసకనివ్వండి, బఠాణీలు ఒలవనివ్వండి. కన్నడ లిపి మన లిపికి దగ్గరి చుట్టమే, ఒకటొస్తే రెండోది తేలిక. అయినా మూడు లిపులూ ఒక్కసారే ఎత్తుకోకండి.

లెక్కకి ఐదు ఎక్కువ. ‘నాన్న పళ్ళెంలో రెండు ఇడ్లీలు పెట్టు’ అనండి. ఒక్కోటీ తాకి లెక్కపెట్టాక ‘మొత్తం ఎన్ని?’ అని అడగండి. మళ్ళీ ఒకటి నుంచి మొదలెడితే విసుక్కోకుండా ‘రెండు’ అని మీరే చెప్పేయండి. అది కుదిరాక మూడు.

పిలిస్తే పలక్కపోయినా, మాటలు వాక్యాలుగా రాకపోయినా ఇప్పుడే డాక్టరుకి చూపించి వినికిడి పరీక్ష చేయించండి. ఐదున్నరకి కూడా తన పేరులోని అక్షరాలు పోల్చుకోలేకపోతే అప్పుడూ చూపించాలి. 2020 జాతీయ విద్యావిధానం ఒకటో తరగతికి ఆరేళ్ళు నిండాలంటుంది, మీకు రెండేళ్ళ పైనే ఉంది.

ఈ ఆదివారం వాడు మంచం కిందే ఉంటానంటే ఉండనివ్వండి. నానమ్మతో కబుర్లు మీరు చెప్పండి.