ఎసిటిక్ యాసిడ్ అంటే వెనిగరే కదా, దానికి కూడా అంత భయం అవసరమా?

గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ (అంటే నీళ్లు దాదాపు కలవని అసలు యాసిడ్) ఓ 50 మిల్లీలీటర్లు కావాలి, ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లని బయటికి లాగేసే అద్దం తలుపు గూడు) ఖాళీగా లేదు, గ్లవ్స్ వేసుకుని బెంచీ మీదే పోసుకుంటే ఏమవుతుంది, ఎంతైనా వెనిగరే కదా అని అడిగారు. అక్షరం పొల్లుపోకుండా నేనూ ఒకప్పుడు ఇలాగే అనుకున్నాను. నా ఎడమచేతి ఉంగరం వేలికి ఇప్పుడు ఉంగరం లేదు, దాని చోట గుండ్రంగా ఓ మచ్చ ఉంది.

ఆరోజు డీఎన్ఏ ముక్కల్ని వేరుచేసే జెల్స్ నడపడానికి వాడే టీఏఈ బఫర్ ద్రావణం, యాభై రెట్లు గాఢంగా చేసిపెట్టుకునే 50 ఎక్స్, అయిపోయింది. లీటరుకి 242 గ్రాముల ట్రిస్ అనే క్షారపు పొడి, 57.1 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, కాస్త ఈడీటీఏ. కళ్లు మూసుకుని చేసే పని. హుడ్ వైపు చూస్తే అందులో ఎవరెవరివో ఖాళీ సీసాలు, పేరు చెరిగిపోయిన బీకర్లు, ఓ పాత హాట్ ప్లేటు, అద్దం కిందికి దించడానికి కూడా చోటు లేదు. (హుడ్‌ని బీరువాలా వాడేవాళ్ల గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇక్కడితో ఆగదు కాబట్టి వదిలేస్తున్నాను.) రెండు నిమిషాల పనికి ఇదంతా ఎవరు ఖాళీ చేస్తారని సీసా బెంచీ మీదకి తెచ్చేశాను.

రెండున్నర లీటర్ల సీసా, అప్పుడే సీలు తీసింది. నిండు సీసా ఒంటిచేత్తో వంచితే ఏమవుతుందో తెలిసిందే, మొదట ఏమీ రాదు, తర్వాత గుబుక్కున వస్తుంది. సగం సిలిండర్లో పడింది, కొంత దాని అంచు మీంచి కారి, పట్టుకున్న నా ఎడమచేతి వేళ్ల మీదికి జారింది. గ్లవ్ ఉందిగా అనుకున్నాను. టిష్యూతో తుడిచేసి, 57.1 దగ్గర ఆ పాయింట్ వన్ సరిగ్గా వచ్చిందో లేదో చూద్దామని తలవంచి ముఖం సిలిండర్ దాకా తీసుకెళ్లాను. వాసన కాదది, ముక్కులోంచి నేరుగా తలలోకి మేకు దిగినట్టు ఉంటుంది. కళ్లు ధారలు కట్టాయి. తర్వాత తీరిగ్గా లెక్కేస్తే ఆ 57.1 మిల్లీలీటర్లు అంటే 60 గ్రాములు, సరిగ్గా ఒక మోల్ (దాని అణుభారమెంతో అన్ని గ్రాములు), అందుకే ఆ అంకె. 57 పోసినా ఏ జెల్ అలిగి ఉండేది కాదు. దానికోసం ముఖం పెట్టాను చూడండి.

అసలు కథ అది కాదు. అదే తడి గ్లవ్‌తో ట్రిస్ కరిగేదాకా కూర్చున్నాను, ఈడీటీఏ కలిపాను, లేబుల్ రాశాను. ఓ ఇరవై నిమిషాలకి ఉంగరం వేలు చురుకుచురుకుమంది. ఉంగరం బిగుసుకుందేమో అనుకుని గ్లవ్ తీస్తే లోపలి నుంచి గుప్పుమని అదే వాసన. చిరుగు లేదు, చిల్లి లేదు, గ్లవ్ నిక్షేపంలా ఉంది. ఉంగరం లాగితే దాని కింద చర్మం చాలాసేపు నీళ్లలో నానిన వేలిలా తెల్లగా పాలిపోయి, ముడతలుపడి ఉంది. చుట్టూ ఎర్రటి గీత.

అప్పుడు నేను చేసిన గొప్ప పని ఏమిటంటే, యాసిడ్‌కి విరుగుడు క్షారం కదా అని సోడియం బైకార్బొనేట్ డబ్బా కోసం వెతకడం. దొరికింది, వేలి మీద చల్లాను, కాస్త నురగ వచ్చింది, ఏదో సాధించినట్టు చూస్తూ నిలబడ్డాను. మా సీనియర్ అక్క అటుగా వస్తూ చూసి, "అదేమన్నా విబూదా చల్లుకోవడానికి? ముందు కుళాయి కింద పెట్టు" అని చెయ్యి పట్టుకుని సింక్ దగ్గరికి లాక్కెళ్లింది. గోడ గడియారం చూపించి పదిహేను నిమిషాలయ్యేదాకా కదలొద్దంది. మూడు నిమిషాలకే చాలనిపిస్తుంది, నమ్మండి. అయినా నిలబెట్టింది. సాయంత్రానికి బొబ్బ, మర్నాడు డాక్టర్ దగ్గర కట్టు, పుండు మానడానికి నెల.

బైకార్బొనేట్ నేల మీద ఒలికినదానికి వాడండి, ఒంటికి కాదు. ఒంటి మీద పడితే తడిసిన బట్టా, గ్లవ్, వాచీ, ఉంగరం అన్నీ తీసేసి పారే నీళ్లు, అంతే. కంట్లో పడితే రెప్పలు వేళ్లతో తెరిచిపట్టి అలాగే కడుగుతూ ఉండాలి, ఆపైన ఆలస్యం చేయకుండా డాక్టర్. మా దగ్గర కళ్లు కడుక్కునే కుళాయి ముందు పైకప్పు దాకా అట్టపెట్టెలు పేర్చి ఉండేవి, కళ్లు మూసుకుపోయినవాడు వాటిని దాటి ఎలా వెళ్తాడో పెట్టినవాళ్లకే తెలియాలి.

నన్నడిగితే ల్యాబుల్లో సగం గాయాలకి కారణం గ్లవ్సే. లెక్కలు అడక్కండి, నా దగ్గర లేవు, కానీ గ్లవ్ లేకుండా ఉంటే ఆరోజు చుక్క పడ్డ క్షణంలోనే కుళాయి దగ్గరికి పరిగెత్తేదాన్ని. పెట్టెలోంచి లాగి వేసుకునే ఆ పల్చటి నీలం నైట్రైల్ (ఓ రకం కృత్రిమ రబ్బరు) గ్లవ్స్‌లోంచి గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ కొద్ది నిమిషాల్లోనే దూరిపోతుంది. నీళ్లలో అయాన్లుగా విడిపోయి ఉన్న హైడ్రోక్లోరిక్ యాసిడ్‌ని ఇదే గ్లవ్ చాలా మెరుగ్గా ఆపుతుంది, అదీ తమాషా. ఎసిటిక్‌ది చిన్న అణువు, పైగా గ్లేషియల్‌లో నీరు దాదాపు ఉండదు కాబట్టి విడిపోకుండా అణువుగానే ఉంటుంది, అలా ఉన్నదానికి రబ్బరులోకి ఇంకడం తేలిక. చర్మంలోకీ అంతే. ఇంకిన తర్వాత ఉంగరం కింద, గ్లవ్ లోపల, గాలి తగలకుండా తీరిగ్గా కూర్చుంటుంది. బ్యూటైల్ రబ్బరు గ్లవ్స్ అయితే గంటల తరబడి ఆగుతాయి, మందంగా ఉంటాయి, వాటితో పని చేయడం మొరటుగా ఉంటుంది, అయినా ఈ పనికి అవే. పల్చటివే ఉన్నాయంటే చుక్క పడగానే తీసి పారేయాలి, తుడుచుకుని కొనసాగించకూడదు.

ఇక ఈ "బలహీన ఆమ్లం" అనే మాట పాఠ్యపుస్తకాల్లోంచి తీసేస్తే సగం పీడ పోతుంది. నీళ్లలో ఎంత శాతం అయాన్లుగా విడిపోతుందన్నదానికి పెట్టిన పేరు అది, మీ చర్మం మీద దయ చూపిస్తుందని కాదు. 5 శాతం వెనిగర్‌తో పోలిస్తే గ్లేషియల్ ఇరవై రెట్లు గాఢం, 17 మోలార్ పైచిలుకు, అంటే లీటరులో 17 మోల్‌లకి పైనే.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు, ఇది మండుతుంది కూడా. 39 డిగ్రీల సెల్సియస్ దగ్గరికొస్తే, పక్కన నిప్పురవ్వ ఉంటే చాలు, దీని ఆవిరి అంటుకుంటుంది. ఇటు 16.6 డిగ్రీల కంటే చల్లబడితే సీసాలోనే మంచుగడ్డలా గట్టిపడుతుంది, గ్లేషియల్ అన్న పేరు అందుకే. గడ్డకట్టిన సీసాని కరిగించడానికి ఒకాయన హాట్ ప్లేటు మీద పెట్టబోతుంటే ఆపాను. గోరువెచ్చని నీళ్ల తొట్టిలో, మూత కాస్త వదులు చేసి, హుడ్‌లో పెడితే దానంతటదే కరుగుతుంది. అన్నిటికంటే ఒళ్లు మండేది, "అన్నీ యాసిడ్లే కదా" అని దీన్ని నైట్రిక్ యాసిడ్ పక్కన సర్దేవాళ్లని చూస్తే. రెండూ ఆమ్లాలే, కానీ ఒకటి మండేది, ఇంకోటి మండించేది. కలిస్తే పేలే ప్రమాదం ఉంది. పెర్‌మాంగనేట్, క్రోమిక్ యాసిడ్, పెరాక్సైడ్లు కూడా దీనికి దూరంగానే ఉండాలి. మా అరలో అక్షరక్రమంలో సర్దారు, చూడ్డానికి లైబ్రరీలా ముచ్చటగా ఉండేది. నేనే ఓ ఆదివారం వెళ్లి ఎసిటిక్‌ని మండే ద్రవాల బీరువాలోకి మార్చాను, సోమవారం నా సీసా ఎవరు తీశారని పెద్ద గొడవ.

మీ ప్రశ్నకొస్తే, వద్దు, బెంచీ మీద పోయకండి. హుడ్ ఖాళీ లేదంటే అందులో ఉన్నవి ఎవరివో కనుక్కుని తీయించండి, తీయకపోతే మీరే తీసి వాళ్ల టేబుల్ మీద పెట్టండి. ఉంగరం మాత్రం ముందే తీసి జేబులో వేసుకోండి.